ప్లియన్ మీద తెలుగు వ్యాసం: అయిదు వాక్యాల చిత్తుప్రతి, తప్పులుంటే దిద్దండి

అక్షరయాత్ర
అందరికీ నమస్కారం. థాయ్‌లాండ్‌లో సంఘసేవ, స్త్రీల పక్షాన పని చేసిన ఒక పెద్దింటావిడ మీద తెలుగులో చిన్న వ్యాసం సిద్ధం చేస్తున్నాను. మొదటి పేరా ఇదీ:

"ప్లియన్ ఫాసకోరవాంగ్ (1847–1911) థాయ్‌లాండ్ తొలి స్త్రీవాది. 1893 జూలైలో పాక్‌నామ్ దగ్గర ఫ్రెంచివాళ్లతో జరిగిన పోరులో గాయపడ్డ సైనికుల కోసం ఆమె థాయ్ రెడ్‌క్రాస్‌ను స్థాపించారు. 1895లో సిరిరాజ్ ఆస్పత్రిలో మంత్రసానుల బడి పెట్టారు. ఆమె ఇంటిపేరు ఫాసకోరవాంగ్ నేటికీ ప్రసిద్ధం. థాయ్ భాషలో తొలి వంటల పుస్తకం రాసింది కూడా ఆమే."

ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి. మొహమాటం వద్దు.

పాతకాగితం
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. అయిదు వాక్యాల్లో నాకు ఆరు తప్పులు కనబడ్డాయి. జనన మరణ సంవత్సరాలు సరే. ముందు పెద్ద తప్పు చూద్దాం, పాక్‌నామ్.

తరవాత థాయ్ రెడ్‌క్రాస్‌గా మారిన ఎర్ర ఉణాలోమ సభ (థాయ్‌లో "సపా ఉణాలోమ్ డేంగ్") ఏర్పడింది 1893 ఏప్రిల్ 26న. పాక్‌నామ్ దగ్గర ఫ్రెంచి యుద్ధనౌకలు చావో ప్రయా నదిలోకి చొరబడింది జూలై 13న. అంటే రెండున్నర నెలలు ముందే సభ పుట్టింది. జూలైలో గాయపడబోయే వాళ్ల కోసం ఏప్రిల్‌లో సభ పెట్టడం కుదరదు కదా. అసలు కారణం మేకాంగ్ నది ఎడమ ఒడ్డు. ఏప్రిల్ మొదట్లోనే ఫ్రెంచి సేనలు అక్కడి స్టుంగ్ ట్రెంగ్ పట్టణాన్ని పట్టుకున్నాయి, పైకి కదిలాయి. అక్కడి సియాం సైనికుల కోసం మొదలైన పని ఇది. పాక్‌నామ్ రాజధాని గుమ్మంలో జరిగింది కాబట్టి అందరికీ అదే గుర్తుంటుంది. ఎవరో ఒకరు కలిపి రాశారు, మిగతావాళ్లు ఎత్తి రాసుకున్నారు.

రెండోది, అప్పటికి "థాయ్‌లాండ్" లేదు. ఆ పేరు 1939లో వచ్చింది. సియాం అని రాయండి.

అక్షరయాత్ర
పాక్‌నామ్ సంగతి నిజంగా తట్టలేదు. కానీ రెడ్‌క్రాస్ స్థాపకురాలు అనడంలో తప్పేముంది? చాలా చోట్ల అలాగే ఉంది.

మేనాం_తీరం
అక్కడ మూడు సంగతులు కలిసిపోయాయి, విడదీస్తే గానీ తేలదు.

ఆలోచన ప్లియన్‌ది. పెద్దింటి స్త్రీలను కూడగట్టి, గాయపడ్డవాళ్లకు సాయం చేయడానికి ఒక సంఘం ఉండాలని రాజు భార్యల్లో ఒకరైన సావవభా రాణికి విన్నవించింది ఆవిడే. అనుమతి చులాలోంగ్‌కోర్న్ రాజుది. నడిపిన వ్యవస్థలో పదవులు ఇలా ఉన్నాయి: సావవభా రాణి "సపా నాయికా", సవాంగ్ వద్ధనా రాణి "సపా చొనని", ప్లియన్ "లేఖానుకారిణి". థాయ్ ఉచ్చారణ పక్కన పెట్టి మన అక్షరాల్లో రాస్తే సభానాయిక, సభాజనని, లేఖానుకారిణి. తెలుగువాళ్లకు అనువాదమే అక్కర్లేదు. వ్యాసంలో ఈ మూడు మాటలూ అలాగే వాడండి, "ప్రెసిడెంటు, సెక్రటరీ" వద్దు.

"ఉణాలోమ్" కూడా అంతే. ఊర్ణ + లోమ. బుద్ధుడి కనుబొమల మధ్య ఉండే వెంట్రుకల సుడి. సియాం ఏలిన చక్రి వంశపు తొలి రాజు ముద్రలో అదే గుర్తు. దాన్నే ఎర్రగా వేసి సభకు పేరు పెట్టారు.

కాబట్టి "రెడ్‌క్రాస్ స్థాపించారు" బదులు "తరవాత థాయ్ రెడ్‌క్రాస్‌గా మారిన ఎర్ర ఉణాలోమ సభకు బీజం వేశారు, తొలి లేఖానుకారిణి" అంటే చాలు. పొగడ్త తగ్గదు, తప్పూ ఉండదు.

హంసపాది
కొసరు: ఇప్పటి పేరు "సపా కాచాట్". "కా" అంటే అడ్డగీత గుర్తు, "చాట్" అంటే ఇంగిలీకం ఎరుపు. శిలువ గీతను థాయ్‌లో "కాకబాట్" అంటారు, మూలం కాకపాదం. రాతలో మాట తప్పిపోతే మనం పెట్టే గుర్తు హంసపాదం. అక్కడ కాకి, ఇక్కడ హంస!

గోదారిగట్టు
సభ ఏం చేసింది, ఎందుకు నిద్రపోయింది అన్నది కూడా రాయండి. చాలా వ్యాసాలు 1893 నుంచి ఒక్క గంతులో ఇప్పటికి వచ్చేస్తాయి. మధ్యలో ఇరవై ఏళ్లు గల్లంతు.

పని సూటిగా ఉండేది. చందాలు పోగుచేయడం, మందులు, బట్టలు, తిండి సామాను కొని మూటలు కట్టించి సరిహద్దుకు పంపడం. అక్టోబర్ 3న ఫ్రాన్సుతో ఒప్పందం కుదిరింది, మేకాంగ్ ఎడమ ఒడ్డు పోయింది, యుద్ధం ఆగింది. దాంతో సభకు పని లేకుండా పోయింది. రద్దు చేయలేదు, పేరు మిగిలింది, సొమ్ము మిగిలింది. సొంత ఆస్పత్రి లేదు, తర్ఫీదు పొందిన నర్సులు లేరు, శాంతికాలంలో ఏం చేయాలన్న నియమం లేదు. యుద్ధం కోసం పుట్టిన సంస్థలకు ఎక్కడైనా వచ్చే జబ్బే ఇది.

మళ్లీ ఊపిరి పోసింది చులాలోంగ్‌కోర్న్ కొడుకు వజిరావుధ్ (వజ్రాయుధ). 1902లో ఇంగ్లండు నుంచి తిరిగి వస్తూ జపాన్‌లో రెడ్‌క్రాస్ ఆస్పత్రి చూశాడు. రాజయ్యాక, తండ్రి పేరు మీద తోబుట్టువులతో కలిసి ఆస్పత్రి కట్టించాడు. సభ దగ్గర మిగిలిన సొమ్ము అందులోకే వెళ్లింది. అదే చులాలోంగ్‌కోర్న్ ఆస్పత్రి, 1914 మే 30న తెరిచారు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ గుర్తింపు 1920లో. అప్పటికి ప్లియన్ పోయి తొమ్మిదేళ్లు.

పాతకాగితం
ఇక మూడో తప్పు, 1895. ఇది మీ ఒక్కరిదే కాదు, థాయ్ తేదీలు పట్టుకున్న ప్రతివాళ్లూ పడే గోతి. జాగ్రత్తగా చదవండి.

ఆ కాలపు కాగితాల్లో ఉండేది రత్నకోసిన్ శకం. మొదటి సంవత్సరం 1782. కాబట్టి శకానికి 1781 కలిపితే మన సంవత్సరం. 112 + 1781 = 1893. సరిపోయింది. కానీ 1889 నుంచి సియాంలో కొత్త సంవత్సరం ఏప్రిల్ 1న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు పాత సంవత్సరం తోకలో ఉంటాయి. ఆ మూడు నెలలకు 1782 కలపాలి.

మంత్రసానుల బడి మొదలైంది 114వ సంవత్సరం జనవరి 12న. 1781 కలిపితే 1895 వస్తుంది, మీరు రాసింది అదే. జనవరి కాబట్టి 1782 కలపాలి, 1896.

బౌద్ధ శకంలోనూ ఇదే తంటా. మామూలుగా 543 తీసేస్తాం. 1940 దాకా జనవరి–మార్చి నెలలకు మాత్రం 542 తీసేయాలి. బడి తేదీ బౌద్ధ శకం 2438. 542 తీస్తే 1896, సరిగ్గా కలిసింది. 1941 జనవరి 1 నుంచి కొత్త సంవత్సరాన్ని జనవరికి మార్చారు. అందుకే బౌద్ధ శకం 2483లో తొమ్మిది నెలలే ఉన్నాయి. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి, మార్చి అసలు లేవు. 2483 మార్చి అని తేదీ కనిపిస్తే ఎవరో లెక్క తప్పారని అర్థం.

1889కి ముందు అయితే చాంద్రమానం, చులా శకం (638 కలపాలి). సంవత్సరం వరకు లెక్క కుదురుతుంది. నెల, రోజు కావాలంటే పట్టికలు చూడాల్సిందే. అందుకే ప్లియన్ పుట్టిన సంవత్సరం 1847 అని రాసి ఊరుకోండి.

ఇంకో చిక్కు: ఏప్రిల్ 26. సిరిరాజ్ ఆస్పత్రి తెరిచింది 1888 ఏప్రిల్ 26న, సభ 1893 ఏప్రిల్ 26న. రెండూ ఒకే తేదీ. సంవత్సరం లేకుండా "ఏప్రిల్ 26" అని ఎక్కడైనా ఉంటే ఏ సంస్థ గురించో చూసుకోండి.

బాలింతకాయం
బడి "పెట్టారు" అన్నదీ సవరించాలి. అది సావవభా రాణి పెట్టిన బడి. ప్లియన్ పాత్ర కాన్పుల వార్డులో. అది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, దాన్ని రాయండి.

సియాంలో కాన్పు తరవాత "యూ ఫాయ్" చేసేవాళ్లు. అంటే మంట పక్కన పడుకోవడం. చెక్క బల్ల మీద బాలింతను పడుకోబెట్టి, పక్కనే నిప్పు వేసి, రాత్రింబవళ్లు ఆరకుండా చూస్తారు. రోజుల లెక్క బేసి సంఖ్యలో ఉంటుంది. గర్భసంచి ముడుచుకోవాలని వేడి చేసిన ఉప్పు కుండ గుడ్డలో చుట్టి పొట్ట మీద కాపడం పెడతారు. మన బాలింత మంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ, కాయం ముద్దలు తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు, పాళ్లే ఎక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, ఉక్కపోత దేశంలో మంట పక్కన రోజుల తరబడి ఉంటే ఒళ్లు కాలుతుంది, ఒంట్లో నీరు పోతుంది. సూతికా జ్వరం వచ్చినా మంట వేడి అనుకుని వదిలేస్తారు.

ఆస్పత్రిలో కాన్పు అంటే జనం భయపడింది కత్తులకు కాదు, అక్కడ మంట వెయ్యరని. ప్లియన్ భర్త అప్పుడు ధర్మకార్యాల మంత్రి, ఆస్పత్రుల శాఖ ఆయన కిందే ఉండేది. ఆవిడ వార్డుకు స్వయంగా వెళ్లి మంట మానమని నచ్చజెప్పేవారు. ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు రాణినే ఉదాహరణ చేశారు. సావవభా రాణి ఒక కాన్పు తరవాత జ్వరం వచ్చి, ఆస్థాన వైద్యుడు పీటర్ గోవన్ మాట విని మంట మానేసి కోలుకుంది. రాణిలాగే మంట మానుకున్న బాలింతల బిడ్డలకు రాణి పేరున డబ్బు కానుక ఇస్తామన్నారు. అక్కడి నుంచి ఒప్పుకునేవాళ్లు పెరిగారు. ఈ వివరం డామ్రోంగ్ రాకుమారుడి జ్ఞాపకాల్లో ఉంది.

బడి పెట్టడం కంటే ఇది కష్టమైన పని అని నా అభిప్రాయం. భవనం డబ్బుతో లేస్తుంది. పెద్దముత్తైదువుల మాట కాదనిపించడం అలా కుదరదు.

ధర్మాసనం
నాలుగో తప్పు "ఇంటిపేరు". ప్లియన్ 1911లో పోయారు. సియాంలో ఇంటిపేర్ల చట్టం అమల్లోకి వచ్చింది 1913లో. అంటే ఆవిడకు ఇంటిపేరు అనేదే లేదు.

మరి "పాసకోరవోంగ్" ఏమిటి? అది భర్తకు రాజు ఇచ్చిన బిరుదనామం. ఆయన సొంత పేరు పోన్, బున్నాగ్ వంశం. బిరుదు "చావో ప్రయా భాస్కరవంశ". థాయ్ రాత సంస్కృతాన్ని అలాగే ఉంచుతుంది, పలకడం మాత్రం "పాసకోరవోంగ్". మీరు "ఫా", "వాంగ్" అని ఇంగ్లీషు అక్షరాల నుంచి దింపారు. అక్కడ "పీ హెచ్" అంటే వత్తి పలికే ప, మన "ఫ్యాన్"లో ఫ కాదు. పుట్టింటి తరఫున ఆవిడ చూతో కుటుంబం.

పేరు ముందు "థాన్ పుయింగ్" వదిలేశారు. అది అలంకారం కాదు, హోదా. చావో ప్రయా హోదా ఉన్నవాడి పెద్ద భార్య థాన్ పుయింగ్, దాని కింది "ప్రయా" హోదావాడి భార్య ఖున్‌యింగ్. ఇప్పుడు ఈ మాటలు భర్త హోదాతో రావు. రాజు ఇచ్చే చులా చోమ్ క్లావ్ పురస్కారంలో పై తరగతులు అందుకున్న వివాహితకు థాన్ పుయింగ్, కింది తరగతులకు ఖున్‌యింగ్. ఒకే మాట, రెండు కాలాల్లో రెండు దారులు. 20వ శతాబ్దపు న్యాయవాది ఖున్‌యింగ్ సుపత్రా సింగ్‌హలక భర్త వల్ల ఖున్‌యింగ్ అయ్యారని రాస్తే తప్పు.

అక్షరయాత్ర
అయితే ఆవిడను పూర్తిగా భర్త బిరుదుతోనే పిలుస్తున్నాం అన్నమాట! స్త్రీవాది అన్న మాట కూడా తీసేయాలా?

ధర్మాసనం
నా మటుకు తీసేయాలి. ఆవిడ హక్కుల పిటిషన్లు పెట్టలేదు, చట్టం మార్చమనలేదు. ఆ వరస వేరే ఉంది. 1805 నాటి మూడు ముద్రల చట్టంలో భార్యలు మూడు రకాలు: పెద్దలు ఇచ్చి చేసినది, తర్వాత తెచ్చుకున్నది, డబ్బిచ్చి కొన్న బానిస. 1865లో మువన్ అనే అమ్మాయి, ఇష్టం లేని పెళ్లి వద్దని మోంగ్‌కుట్ రాజుకే అర్జీ పెట్టుకుంది. ఆమె కోరుకున్నవాడితోనే ఉండనివ్వమని తీర్పు వచ్చింది. 1868లో చాన్ అనే ఆమెను భర్త చెప్పకుండా అమ్మేశాడు. "ఆడది గేదె, మగవాడు మనిషి" అన్నట్టున్న పాత నియమాన్ని ఆ కేసుతోనే కొట్టేశారు. ఈ ఇద్దరూ మామూలు ఇళ్లవాళ్లు. థాన్ పుయింగ్‌లు కారు.

మేనాం_తీరం
ధర్మాసనం గారూ, సగం ఒప్పుకుంటాను. స్త్రీవాది అనొద్దు, సరే. కానీ 1893లో సభానాయిక, సభాజనని, లేఖానుకారిణి ముగ్గురూ స్త్రీలే. అంతఃపురం దాటి, సైన్యం అవసరాలకు సంబంధించిన పని ఆడవాళ్ల పేరు మీద, పదవులతో సహా నడవడం చిన్న సంగతి కాదు. హక్కు అడగలేదు, పని చేసి చూపించారు. "స్త్రీల సంఘటిత సేవకు తొలి రూపం" అంటే ఎవరూ తప్పుపట్టరు.

ధర్మాసనం
"తొలి" దగ్గర ఆగండి. 1890లోనే సాయిసవలి రాకుమారి అనాథ పిల్లల ఇల్లు తెరిచారు. "తొలి రూపాల్లో ఒకటి" అనండి.

హక్కుల వైపు రావాలంటే తరవాతి తరంతో ముడిపెట్టండి, అక్కడ నిజంగా సరుకుంది. ఏకపత్నీ చట్టం 1935 అక్టోబర్ 1 నుంచి. కానీ అందులో మెలిక ఉంది. భార్య వ్యభిచరిస్తే భర్త విడాకులు అడగొచ్చు, భర్త చేస్తే భార్య అడగలేదు. సుపత్రా సింగ్‌హలక లాంటి న్యాయవాదులు పోరాడింది ఇలాంటి చోట్లే. 1956లో అప్పటి ప్రధాని భార్య థాన్ పుయింగ్ లా-ఇయద్ పిబూన్ సోంగ్‌క్రామ్ చొరవతో జాతీయ మహిళా మండలి వచ్చింది. 1976లో కుటుంబ చట్టం తిరగరాశారు. ఉమ్మడి ఆస్తి మీద భర్త ఒక్కడి పెత్తనం పోయింది. విడాకుల దగ్గర మాత్రం సగమే దిద్దారు. భర్త ఇంకో స్త్రీని భార్యగా పోషిస్తేనో, భార్యగా చెలామణి చేస్తేనో అడగొచ్చన్నారు. ఇద్దరికీ ఒకే నియమం 2007లో గానీ రాలేదు. 1935 నుంచి లెక్కేసుకోండి, 72 ఏళ్లు.

పేరు గొడవ అయితే ఇంకా తమాషా. పెళ్లైన స్త్రీ భర్త ఇంటిపేరే పెట్టుకోవాలన్న నియమం రాజ్యాంగ విరుద్ధమని 2003లో కోర్టు చెప్పింది, 2005లో చట్టం మారింది. శ్రీమతి, కుమారి (అక్కడ "నాంగ్", "నాంగ్‌సావ్") ఎంచుకునే వీలు 2008లో.

వంటింటి_చరిత్ర
వంటల పుస్తకం ఎవరూ ముట్టుకోలేదేం? "తొలి" అన్నది తప్పు. వాంగ్ లాంగ్ ఆడపిల్లల మిషనరీ బడి నుంచి 1898లోనే ఒకటి అచ్చయింది. ప్లియన్ పుస్తకం "మే క్రువా హువా పా" 1908, అయిదు సంపుటాలు. అందులోని వంటలు అంతకుముందే, 1889లో ఒక పత్రికలో రావడం మొదలైంది. పేరులో చివరి "పా" వర్ణక్రమం చూడండి, పలకని "క" ఒకటి పెట్టారు. మన "పాకం"లోని పాకమే.

అందులో వంటలు చేసి చూసేవాళ్లు బోల్తాపడేది కొలతల దగ్గర. బాట్ అంటే డబ్బే కాదు, తూకం కూడా. మన పాత వైద్యగ్రంథాల్లో "రూపాయెత్తు" లాంటిది. ఒక బాట్ ఎత్తు సుమారు 15 గ్రాములు. నాలుగు సలూంగ్‌లు ఒక బాట్, నాలుగు బాట్లు ఒక తమ్లూంగ్, అంటే 60 గ్రాములు. ఇరవై తమ్లూంగ్‌లు ఒక చాంగ్, 1200 గ్రాములు. "రొయ్యల ముద్ద 1 బాట్" అని ఉంటే ఒక బాట్ డబ్బు పెట్టి కొన్నంత అని కాదు, చెంచా నిండా అని. ధరగా చదివితే కూర ఉప్పు కషాయం. బియ్యం, పిండి "థనాన్"తో. అది కొబ్బరి చిప్ప కొలత, మన సోల, తవ్వ లాగా ఊరికో సైజు ఉండేది. తరవాత లీటరుగా ఖాయం చేశారు. కాబట్టి బియ్యం పాళ్లు అటూఇటూ అయినా కొంప మునగదు, తూకంవి మాత్రం కచ్చితంగా చూసుకోండి.

పాతకాగితం
ఇదే లెక్క చందాల జాబితాలకూ వస్తుంది. పాత కాగితాల్లో మొత్తాలు చాంగ్‌లలో ఉంటాయి. ఒక చాంగ్ 80 బాట్లు. ఒక బాట్‌కు 64 అట్‌లు. 1897 తరవాత గానీ నూరు సతాంగ్‌ల దశాంశ పద్ధతి రాలేదు. కాబట్టి 1893 చందాల్లో బాట్ తరవాత "13" అని ఉంటే అది 0.13 కాదు, 64లో 13. చాలామంది చుక్క పెట్టేస్తారు.

అక్షరయాత్ర
అందరికీ వేల వందనాలు. ఇదిగో కొత్త పేరా:

"థాన్ పుయింగ్ ప్లియన్ (1847–1911) సియాం పెద్దింటి స్త్రీ, చావో ప్రయా భాస్కరవంశ (పోన్ బున్నాగ్) భార్య. 1893 ఏప్రిల్‌లో మేకాంగ్ సరిహద్దు ఘర్షణల వేళ, గాయపడ్డ సైనికుల కోసం స్త్రీలతో సంఘం పెట్టాలని సావవభా రాణికి ప్రతిపాదించి, ఏప్రిల్ 26న ఏర్పడిన ఎర్ర ఉణాలోమ సభకు తొలి లేఖానుకారిణి అయ్యారు. ఈ సభే తరవాత థాయ్ రెడ్‌క్రాస్ అయింది. సిరిరాజ్ ఆస్పత్రి కాన్పుల వార్డులో బాలింతలు మంట పక్కన పడుకునే ఆచారం మానేలా నచ్చజెప్పారు. 1908లో అయిదు సంపుటాల వంటల పుస్తకం వెలువరించారు."

మంత్రసానుల బడి (1896 జనవరి 12) కింది పేరాలోకి మార్చాను. భార్యల చట్టాలు వేరే విభాగం.

హంసపాది
బాగుంది. రెండో వాక్యం పొడవైంది, "ప్రతిపాదించారు" దగ్గర చుక్క పెట్టి విడగొట్టండి. ఇంకోటి: "చావో ప్రయా" మొదటిసారి వచ్చిన చోట అది బిరుదు అని ఒక మాట చేర్చండి. లేకపోతే జనం నది పేరు అనుకుంటారు.

అక్షరయాత్ర
మార్చేశాను. "చావో ప్రయా హోదా పొందిన మంత్రి" అని పెట్టా.